రక్తం తీసుకెళ్ళినవాళ్ళు కబురు చెప్పాలి కదా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఎథిక్స్ కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

మనుషుల మీద మందులు, టీకాలు పరీక్షించే ముందు ఆ పని సబబేనా అని చూసి అనుమతిచ్చే ఈ కమిటీల్లో నేనూ మీలో ఒకణ్ణే. 31 ఏళ్ళు విశాఖ మన్యంలో మలేరియా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మూడేళ్ళుగా ఒక ఆస్పత్రి ఎథిక్స్ కమిటీలో 'సామాన్య సభ్యుడి' కుర్చీలో కూర్చుంటున్నాను. వైద్యరంగం వదిలి ఐదేళ్ళు దాటితే సామాన్యుడి కిందే లెక్కట. అలా పనికొచ్చాను.

మొన్నామధ్య ఒక టీకా ట్రయల్ ఫైలు మా ముందుకొచ్చింది. రహస్యం కాపాడతానని సంతకం పెట్టినవాణ్ణి కాబట్టి టీకా పేరు, కంపెనీ పేరు, ఆస్పత్రి పేరు చెప్పను. పరీక్షలో చేరేవాళ్ళు ఒప్పుకుంటూ సంతకం పెట్టే తెలుగు కన్సెంట్ ఫారం 22 పేజీలు. అందులో 'యాదృచ్ఛికీకరణ' అని ఉంది, 'ద్వంద్వ అంధ పద్ధతి' అని ఉంది. చీటీ తీసినట్టు ఎవరికేది పడితే అదివ్వడం మొదటిది; ఎవరికేది పడిందో ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ తెలియకుండా ఉంచడం రెండోది. ఆ రెండోమాట వింటే రెండు కళ్ళూ పోతాయేమోనని ఏ తల్లయినా భయపడుతుంది. "ఒకసారి ఎవరిచేతైనా పైకి చదివిద్దాం సార్" అన్నాను. టైము లేదన్నారు. ఈలోగా సమోసాలు వచ్చాయి. 20 నిమిషాల్లో ఫైలు పాసైంది. నేనూ తలూపాను. ఆ తలూపడం అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు.

ఎందుకు వదలడం లేదో చెప్పాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి. సర్వీసులో చేరిన కొత్తలో ఒక గూడెంలో రక్తపూతలు తీస్తున్నాను. జ్వరం వచ్చిన వాళ్ళందరి వేలికీ సూది గుచ్చడం, గాజు పలక మీద ఒక చుక్క మందంగా, ఒక చుక్క పలచగా పూయడం, పెన్సిలుతో నంబరు రాయడం, ఇంకో ఇంటికి పోవడం. ఒకామె మాత్రం బిడ్డ చెయ్యి నాకివ్వలేదు. బిడ్డకి కడుపులో బల్ల కట్టి (మలేరియాకి ప్లీహం వాచి) పొట్ట ముందుకొచ్చి ఉంది. "నిరుడూ తీసుకెళ్ళారు. ఏం తేలిందో ఎవరైనా వచ్చి చెప్పారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పలకలు కట్టలుగా పేరుకునేవి. నీలం రంగులో, ఎర్ర రంగులో ముంచి ఆరబెట్టి చూసేసరికి రెండు వారాలు, ఒక్కోసారి మూడు. పాజిటివ్ వస్తే మాత్రలు పట్టుకుని ఎవరో ఒకరు వెళ్ళేవారు. నెగటివ్ వస్తే రిజిస్టర్లో గీత పడేది, అంతే. ఆ కబురు కూడా చెప్పాలన్న ఆలోచన మాలో ఎవరికీ ఉండేది కాదు.

కమిటీలో చేరాక, డాక్టర్ల మధ్య నోరు విప్పాలంటే నాలుగు ముక్కలు తెలియాలని, చదవడం మొదలుపెట్టాను. మలేరియా నా పాత పని కాబట్టి అక్కడ మొదలైంది. మలేరియా అన్నాక పశ్చిమాఫ్రికాకి పోక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ఈ జ్వరంతో 5.97 లక్షల మంది పోయారు. అందులో నూటికి 95 మంది ఆఫ్రికా వాళ్ళు, ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలు. మందులు, టీకాలు, దోమతెరలు పరీక్షకు నిలబడేది కూడా ఆ ఊళ్ళలోనే. చదువుతుంటే నా గూడెం తల్లి అడిగిన మాటే మాలీలో, గాంబియాలో, బుర్కినా ఫాసోలో మళ్ళీ మళ్ళీ వినపడింది. తేడా ఏమిటంటే, అక్కడ కొందరు ఆ మాటకు జవాబు వెతికారు.

మాలీ సంగతి ముందు చెప్తాను. ఓగోబారా దూంబో అనే డాక్టరుండేవాడు. దోగోన్ జాతివాడు, నాటువైద్యుల ఇంట్లో పుట్టినవాడు. 1992లో రాజధాని బమాకోలో మలేరియా పరిశోధనా కేంద్రం మొదలుపెట్టి, 2018లో చనిపోయేదాకా దాన్ని నడిపాడు. ఆయన బృందం ట్రయల్ కోసం ఊళ్ళోకి వెళ్ళే పద్ధతిని పేపరు మీద పెట్టింది. ముందు ఊరిని చదువుకోవాలి: ఎవరి మాట ఎవరు వింటారు, ఎవరికి ఎవరితో పడదు. తర్వాత పెద్దలను కలిసి పరిచయం. తర్వాత అందరి ఎదుటా కూర్చుని మాట్లాడటం. తర్వాత ఒక్కొక్క పెద్ద ఇంటికీ విడిగా వెళ్ళడం, ఎందుకంటే నలుగురిలో అడగలేని ప్రశ్న అరుగు మీద అడుగుతారు. తర్వాత నాటువైద్యులతో మాట్లాడటం. ఇంత చేసినా అనుమతి ఒకసారి దొరికితే అయిపోయినట్టు కాదు, పని జరిగినన్నాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉండాలి. ఆ తర్వాతే ఒక్కో తల్లి దగ్గరికీ వెళ్ళి కన్సెంట్ ఫారం తియ్యాలి. పెద్దల ఇంటికి వెళ్ళేటప్పుడు కోలా గింజలు పట్టుకెళ్ళడం ఆ ప్రాంతం ఆచారం. మనం ఆకు, వక్క పట్టుకెళ్ళినట్టే.

నాటువైద్యులను కలవాలన్న దగ్గర కాసేపు ఆగిపోయాను. మన్యంలో మేం వాళ్ళను దారికి అడ్డం అనుకునేవాళ్ళం. జ్వరానికి పసరు పోసేవాణ్ణి ముందు కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే, నా పలకలు సగం వాడే పంపేవాడు.

ఇందులో నాకో అనుమానమూ ఉంది, దాచను. ఊరి పెద్ద సరే అన్నాక కోడలుపిల్ల కాదనగలదా? ఊరి అనుమతి మనిషి అనుమతికి బదులు కాదని మాలీ వాళ్ళు గట్టిగానే రాశారు. రాయడం వేరు, ఆ ఇంటి గడపలో నిలబడి ఆమె మొహం చూడటం వేరు. అందుకే ఏ ట్రయల్ రిపోర్టు వచ్చినా నేను మొదట వెతికేది ఎంతమంది చేరారని కాదు, ఎంతమంది కాదన్నారని. ఒక ఊళ్ళో ఒక్కరూ కాదనలేదంటే అక్కడ అడగడం సరిగ్గా జరగలేదని నాకు అనిపిస్తుంది.

మాలీలోని బండియాగారాలో 400 మంది పిల్లలతో ఒక మలేరియా టీకాను పరీక్షించారు, 2011లో ఫలితం అచ్చయింది. టీకా మొత్తం మీద పని చెయ్యలేదు. సూదిలో ఉన్న రకం పరాన్నజీవి మీద మాత్రం కాస్త పట్టు చూపింది. నాకు నచ్చింది వేరే సంగతి. టీకా పడని సగం మంది పిల్లలకు ఉత్త నీళ్ళు ఎక్కించలేదు, కుక్కకాటు టీకా వేశారు. తర్వాత పేరు తెచ్చుకున్న పెద్ద ట్రయల్స్‌లో కూడా ఇలాగే చేశారు. సూది నొప్పి భరించిన ప్రతి బిడ్డకూ ఏదో ఒకటి దక్కాలన్న లెక్క అది. మా కమిటీ ముందుకొచ్చిన ఫైల్లో అవతలి సగానికి సెలైన్. ఎందుకని నేను అడగలేదు. అడగాలని తెలియదప్పటికి.

గాంబియా కథ పాతది. 1961లో అక్కడ ఒక ప్రయోగం జరిగింది. మలేరియాను తట్టుకుని పెద్దవాళ్ళయిన వాళ్ళ రక్తంలోంచి గామా గ్లోబ్యులిన్ (యాంటీబాడీలుండే భాగం) తీసి, జ్వరంతో ఉన్న పిల్లలకు ఇస్తే పరాన్నజీవులు పడిపోయాయి. ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు ఈ జ్వరాన్ని ఆపగలవని అలా తేలింది. దాని మీద నిలబడే ఇవాళ్టి యాంటీబాడీ ఇంజెక్షన్లు వస్తున్నాయి. 2022లో ఫలితం అచ్చయిన ఒక పరీక్షలో, మాలీలోని కలిఫాబుగూ, తొరోడో ఊళ్ళలో 330 మంది పెద్దలకు అలాంటిది ఒకే ఒక్కసారి ఎక్కిస్తే, ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ళలో ఆర్నెల్లపాటు నూటికి 88 పాళ్ళు రక్షణ కనపడింది. 1961లో రక్తమిచ్చిన ఆ పెద్దల పేర్లు మాత్రం నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేవు.

అదే గాంబియాలో 2000 తర్వాత న్యుమోనియా టీకా ట్రయల్ నడిచినప్పుడు, పరిశోధన వాళ్ళు రక్తం దొంగిలించి అమ్ముకుంటున్నారని జనం అనుకున్నారు. చదువురాని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే పోయేది. కానీ ఆ మాటల్ని కూర్చుని విన్నవాళ్ళకు ఇంకోటి కనపడింది. తల్లులు లెక్క వేసుకుంటున్నారు. ఇంత రక్తం పోతుంది, బదులుగా మంచి డాక్టరు, మంచి మందు దొరుకుతాయి. బేరం బాగుంటే చేరదాం, లేకపోతే మానేద్దాం. 22 పేజీలు చదివి సంతకం పెట్టేవాళ్ళ కంటే వాళ్ళకే వ్యవహారం బాగా అర్థమైందని నాకనిపిస్తుంది.

అడగకుండా వెళ్తే ఎంతదూరం పోతుందో గినీలో కనపడింది. 2014 సెప్టెంబరులో వోమే అనే ఊరికి ఎబోలా గురించి చెప్పడానికి వెళ్ళిన బృందంలో ఎనిమిది మందిని జనం చంపేశారు. ఆ చావులను సమర్థించే మాట నా నోట రాదు. ఆ ఏడాదంతా తెల్లటి సూట్లు వేసుకున్నవాళ్ళు రావడం, మనుషుల్ని తీసుకుపోవడం, శవాన్ని కూడా ముట్టుకోనివ్వకపోవడమే అక్కడి జనానికి తెలిసిన వైద్యం. మరుసటి ఏడు అదే దేశంలో ఎబోలా టీకా ట్రయల్‌కు వేలమంది చెయ్యి చాపారు.

ఇక బుర్కినా ఫాసో. రాజధాని వాగడూగూకి 85 కిలోమీటర్ల దూరంలో నానోరో ఉంది. హాలిడూ టింటో అనే పరిశోధకుడి బృందం పనిచేసే చోటు. అక్కడ 450 మంది పసిపిల్లలతో చేసిన ట్రయల్‌లోనే ఆర్‌21 అనే మలేరియా టీకా 77 శాతం పనిచేస్తుందని 2021లో తేలింది. ఆ టీకా ఇప్పుడు పుణెలో తయారవుతోంది. అంతకుముందు, 2009లో మొదలైన ఆర్‌టీఎస్,ఎస్ అనే ఇంకో మలేరియా టీకా ట్రయల్‌లోనూ నానోరో ఉంది. ఏడు దేశాల్లో 15,459 మంది పిల్లలు చేరిన ట్రయల్ అది. 2015లో యూరప్ నియంత్రణ సంస్థ ఆ టీకాకు సరేనంది. ముందు మూడు దేశాల్లో వేసి చూద్దామంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అది మొదలయ్యేసరికి 2019, సిఫార్సు వచ్చేసరికి 2021 అక్టోబరు. బుర్కినా ఫాసోలో మామూలు టీకాల్లో చేరేసరికి 2024 ఫిబ్రవరి. నానోరోలో మొదట్లో సూది వేయించుకున్న మగబిడ్డకు, ఆ టీకా ఊళ్ళో అందరికీ దొరికేనాటికి మూతి మీద నూనూగు మీసం వచ్చి ఉంటుంది. అప్పుడైనా అది చాలినంత లేదు. 2023-25 మధ్యకు మొదట పంచింది 1.8 కోట్ల డోసులు, 12 దేశాలకు. బిడ్డకు నాలుగు డోసులు కావాలి, లెక్క మీరే వేసుకోండి.

ఆర్‌టీఎస్,ఎస్ తయారీని 2021 ఒప్పందం ప్రకారం మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు అప్పగిస్తున్నారు. 2028కల్లా డోసు ధర 5 డాలర్ల లోపుకు తెస్తామని 2025 జూన్‌లో ప్రకటించారు కూడా. మంచిదే. శామీర్‌పేట వైపు వెళ్తుంటే ఆ బిల్డింగులు చూసి నేనూ గర్వపడతాను. కానీ గర్వపడేటప్పుడు నానోరో గుర్తుకు రావాలి.

టీకా ఒక్కటే కాదు. బుర్కినాలోని హుండే, మాలీలోని బుగూనీల్లో 5,920 మంది పిల్లల మీద మూడేళ్ళు ఇంకో పరీక్ష జరిగింది. అక్కడ వానాకాలంలో నెలకోసారి పిల్లలందరికీ ముందుజాగ్రత్త మాత్రలు మింగిస్తారు. మొదటి రోజు మాత్రలు ఇంటికొచ్చిన కార్యకర్త కళ్ళెదుట, తర్వాతి రెండు రోజులూ తల్లి చేత్తో. ఆ మందు చేదు విషం. పిల్లలు ఉమ్మేస్తారు, మళ్ళీ పట్టాలి. ఆ మాత్రలకు తోడు వానలకు ముందు టీకా వేస్తే, మాత్రలు మాత్రమే తీసుకున్న పిల్లల కంటే మలేరియా సుమారు 60 శాతం తగ్గింది, చావులు ఇంకా ఎక్కువగా తగ్గాయి. మామూలుగా ఈ మాత్రల పనిలో సగం, చేదు మాత్రను నీళ్ళలో కలిపి రెండోసారి, మూడోసారి పట్టిన తల్లిది. నా సర్వీసులో క్లోరోక్విన్ మాత్రలు పట్టించినవాణ్ణి కాబట్టి ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. 

బాగా అడిగినా చిక్కు తీరనిదీ ఒకటుంది. బుర్కినాలోని బానా అనే ఊళ్ళో 2019లో జన్యువులు మార్చిన మగ దోమల్ని వదిలారు. మగవి కుట్టవు, పిల్లల్ని పుట్టించలేనివి కూడా. ఊరివాళ్ళ దియూలా భాషలో జన్యువు అన్న మాటే లేకపోతే భాషావేత్తలతో, ఊరివాళ్ళతో కూర్చుని మాటలు తయారు చేసుకున్నారు. మనమేమో 'ద్వంద్వ అంధ' అని రాసి పోతాం. అయినా వాగడూగూలో పౌర సంఘాలు ఊరేగింపులు తీశాయి. దోమ బానా పొలిమేర దగ్గర ఆగదు కదా, పక్క ఊళ్ళను ఎవరడిగారన్నది వాళ్ళ ప్రశ్న. 2025 ఆగస్టులో ప్రభుత్వం ఆ ప్రాజెక్టునే ఆపేయించింది. నాకు ఇరుపక్కలా న్యాయం కనపడుతుంది. బానా ఊరికి మాత్రం, ఇన్నేళ్ళు ఒప్పుకుని సహకరించాక, ఎందుకు ఆగిందో ఎవరైనా వెళ్ళి కూర్చుని చెప్పాలి.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ, మాకెందుకంటారా? 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లో. రెండేళ్ళకు ఆయన సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్ వెళ్ళి, అక్కడ మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని తేల్చాడు. మన ఊరికీ ఆ తీరానికీ చుట్టరికం అంత పాతది. సికింద్రాబాద్‌లో ఆ దోమలకు తన ఒళ్ళు అప్పగించిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చారు. బేగంపేటలో రాస్ పేరుతో భవనం ఉంది. హుసేన్ ఖాన్ పేరుతో సందు కూడా లేదు.

అదీ పాతకథే అంటే, 2009 ఎంతో దూరం కాదు. ఖమ్మం జిల్లాలో, ముఖ్యంగా భద్రాచలం వైపు గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకా ప్రాజెక్టు నడిచింది. 2010 ఏప్రిల్లో ఆపేశారు. తర్వాత పార్లమెంటు కమిటీ 2013లో ఆ కన్సెంట్ ఫారాలను ఎత్తిచూపింది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో తనిఖీ చేసిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ; అది మంచిదేనని నేనూ నమ్ముతాను. కానీ అమ్మానాన్నల బదులు వార్డెన్ సంతకం పెడితే దాన్ని అడగడమంటామా? మాలీ పల్లెలో పెద్దల ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ తిరిగిన పద్ధతి అప్పటికే అచ్చయి నాలుగేళ్ళు. మనలో ఎవరూ చదవలేదు.

అందుకని నేను కోరేది పెద్దదేం కాదు. తెలుగు ఫారం మన ముందుకొస్తే, కమిటీలో ఎవరో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. చదివేవాడు ఎక్కడ తడబడ్డాడో అక్కడ ఆ వాక్యం మారాలి. మన్యంలో ట్రయల్ అయితే కువిలోనో, ఆదివాసీ ఒరియాలోనో, కోయలోనో మాటలు వెతుక్కోవాలి. బానాలో చెయ్యగలిగింది పాడేరులో ఎందుకు చెయ్యలేం? బడ్జెట్ కాగితంలో ఫ్రిజ్‌కీ కారుకీ డబ్బు ఉన్నట్టే, ట్రయల్ అయిపోయాక ఊరికి వెళ్ళి ఫలితం చెప్పడానికి డబ్బు, తేదీ ఉండాలి. లేకపోతే ఫైలు వెనక్కి పంపాలి. టీకా పని చెయ్యలేదన్నా చెప్పాలి, నెగటివ్ అన్నా చెప్పాలి. ఆ ఊరికి టీకా ఎప్పుడు, ఎంతకు దొరుకుతుందో కంపెనీని ముందే అడగాలి. జవాబు లేకపోతే, 'జవాబు లేదు' అని ఫారంలోనే రాయించాలి, తల్లి బేరం చూసుకుంటుంది.

ఇవన్నీ అడిగితే కంపెనీలు వేరే రాష్ట్రానికి పోతాయని మా కమిటీలో ఒకాయన అన్నారు. పోతే పోనీ అనేంత ధైర్యం నాకూ లేదు. ట్రయల్స్ కావాలి, అవి లేకపోతే నా గూడెం పిల్లల బల్ల తగ్గదు. కానీ నానోరోలో ఇన్నేళ్ళు ఊరిని అడుగుతూనే పని చేశారు, టీకా బయటికొచ్చింది. అడగడం వల్ల ఆలస్యమైందని ఎక్కడా వినలేదు. ఆ ఆలస్యం అంతా తర్వాత, ఆఫీసుల్లో, డబ్బు దగ్గర జరిగింది.

వచ్చే నెల మా కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. ఆ 22 పేజీల ఫారాన్ని తిరిగి ఎజెండాలో పెట్టమని మెంబర్ సెక్రటరీ గారికి కాగితం ఇచ్చాను. సెలైన్ సంగతి కూడా అందులోనే రాశాను. చదవడానికి ఎవరూ దొరక్కపోతే నేనే చదువుతాను. ఇంట్లో గడియారం పెట్టుకుని చూశాను, గంటా పది నిమిషాలు పడుతోంది. మా సభ్యులెవరైనా ఇది చూస్తే, ఆ రోజు టీ ముందే తాగి రండి.

ఇట్లు,
ఒక సామాన్య సభ్యుడు
(రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, విశాఖ మన్యం)